విశాఖకు ఏ నెలలో వెళ్లాలి? ఎండనూ ఉక్కనూ ముందే లెక్క చూసుకోవడం ఎలా

"మేలో పిల్లలకు సెలవులు, విశాఖ వెళ్లొచ్చా?" "హైదరాబాద్‌లో 41 ఉంది, విశాఖలో 35 అని చూపిస్తోంది. అక్కడ చల్లగా ఉన్నట్టేగా?" "జూలైలో వానలు కదా, ఉక్క ఉండదుగా?" ఏడాది పొడవునా తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబివ్వడం కన్నా, మీ తేదీలను మీరే సరిచూసుకునే పద్ధతి ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

అసలు మాట ముందే చెప్పేస్తాను. సముద్రం ఒడ్డునున్న ఊరికి పగటి గరిష్ఠం చూసి నెల ఎంచుకోకండి. రాత్రి కనిష్ఠం ఎంత, గాలిలో తేమ ఎంత అన్నవి చూసి ఎంచుకోండి. విశాఖలో జనవరి పగటికీ మే పగటికీ సగటున తేడా ఆరేడు డిగ్రీలే. రాత్రుల తేడా ఎనిమిది, తొమ్మిది డిగ్రీల దాకా ఉంటుంది. పగలంతా తిరిగిన ఒళ్లు తేరుకునేది రాత్రి నిద్రలోనే కాబట్టి, ప్రయాణం సుఖంగా సాగిందా లేదా అన్నది చాలావరకు ఆ రాత్రి అంకె మీదే ఆధారపడుతుంది.

కావలసినవి

- ఫోన్‌లో భారత వాతావరణ శాఖ (ఐఎండీ) వారి మౌసమ్ యాప్. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తుంటే పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ కూడా.
- గంటగంటకూ డ్యూ పాయింట్ (గాలిలో ఆవిరి ఎంత ఉందో చెప్పే అంకె, నాలుగో అంశంలో వివరించాను) చూపించే వాతావరణ యాప్ ఏదైనా ఒకటి. ఉష్ణోగ్రత, తేమ శాతం మాత్రమే చూపించేది సరిపోదు.
- ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి చూపే చిన్న డిజిటల్ మీటర్. ఇది లేకపోయినా పని జరుగుతుంది, దాని బదులు ఏం చేయాలో కింద చెప్పాను.
- మీతో వచ్చేవాళ్ల వయసులు, ఆరోగ్యం, మీరు చూడాలనుకుంటున్న చోట్లు రాసుకున్న కాగితం.

1. ఎవరు వస్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో రాయండి

దీన్ని దాటేయకండి. పాతికేళ్ల స్నేహితులు నలుగురు యారాడ బీచ్ చూడ్డానికి వెళ్లడం ఒకటి, గుండె జబ్బున్న నాన్నగారినీ రెండేళ్ల పాపనూ తీసుకుని సింహాచలం వెళ్లడం ఇంకొకటి. అరవై దాటినవాళ్లు, ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బీపీకీ గుండెకూ మందులు వాడేవాళ్లు ఉంటే మీ హద్దు 'రాత్రి కనిష్ఠం 24 డిగ్రీలు' అని పెట్టుకోండి. అందరూ ఆరోగ్యంగా ఉండి, ఏసీ గది దొరికేట్టుంటే 26 దాకా పోవచ్చు.

2. ఏడాది మొత్తాన్ని ఒక్క చూపులో చూడండి

కింద ఇచ్చినవి సగటుకు దగ్గరగా ఉండే అంకెలు. ఒక్కో రోజు ఇంతకన్నా ఎక్కువా ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు. మొదటిది పగటి గరిష్ఠం, రెండోది రాత్రి కనిష్ఠం.

- డిసెంబర్, జనవరి: 29–30, 18–20
- ఫిబ్రవరి: 31, 20–21
- మార్చి: 33, 23–24
- ఏప్రిల్: 34–35, 26
- మే: 35–36, 27–28
- జూన్: 34–35, 27
- జూలై, ఆగస్టు, సెప్టెంబర్: 32–33, 26
- అక్టోబర్: 32, 24–25
- నవంబర్: 30–31, 21–22

ఇప్పుడు రెండో అంకెను మాత్రమే వరుసగా చదువుకుంటూ రండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రాత్రులు 26కు అటూ ఇటూగా ఉండిపోతున్నాయి. వానాకాలం వచ్చాక పగటి ఎండ రెండు మూడు డిగ్రీలు తగ్గింది, రాత్రులు మాత్రం పెద్దగా తగ్గలేదు. జూలైలో చల్లగా ఉంటుందనుకుని ఏసీ లేని గది తీసుకున్నవాళ్లు చెమటతో తడిసిపోయేది అందుకే. వాన పడుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. వాన వెలిసి, గాలి ఆగి, మబ్బు అలాగే ఉండిపోతే ఆ గంట మే నెల కన్నా కష్టంగా తోస్తుంది.

రాత్రులు 22 లోపు ఉండేది నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకానే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందన్న మాట విశాఖకు బాగానే సరిపోతుంది. ఆ తర్వాత రెండు వారాల్లోనే రాత్రులు మారిపోతాయి.

నన్ను ఒక్క తేదీ చెప్పమంటే ఫిబ్రవరి మొదటి సగం అంటాను. చాలామంది డిసెంబర్ చివరి వారం అంటారు. వాతావరణం అప్పుడూ బాగుంటుంది, కానీ క్రిస్మస్ సెలవులకు ఒడిశా, బెంగాల్ నుంచి, మన రెండు రాష్ట్రాల నుంచి జనం ఒకేసారి దిగుతారు. గదుల అద్దెలు పెరుగుతాయి, అరకు రోడ్డులో బండి కదలదు. సంక్రాంతి హడావుడి ముగిశాక ఫిబ్రవరిలో అదే చల్లదనం దొరుకుతుంది, ఊరు కొంచెం తెరిపిన పడి ఉంటుంది. కొన్ని ఉదయాలు పొగమంచు పడుతుంది. పొద్దున్నే విమానం ఉంటే ఆలస్యానికి సిద్ధపడండి.

3. ఆ అంకె ఎక్కడిదో కనుక్కోండి

విశాఖ ఉష్ణోగ్రత అని పేపర్లో చూసే అంకె రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి విమానాశ్రయం, ఇది సముద్రానికి దూరంగా, కొండలకు లోపలివైపున ఉంది. రెండోది వాల్తేరు, ఇది బీచ్‌కు దగ్గర. ఎండాకాలంలో పడమటి గాలి వీచే రోజు విమానాశ్రయంలో 39, 40 నమోదైతే, అదే రోజు వాల్తేరులో మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండటం కొత్తేమీ కాదు. చలికాలపు రాత్రుల్లో విమానాశ్రయం వైపు చలి ఎక్కువ, సముద్రం పక్కన తక్కువ.

అందుకని:

- మీ గది ఆర్‌కే బీచ్, లాసన్స్ బే, రుషికొండ వైపు ఉంటే వాల్తేరు అంకె చూడండి.
- గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి, సింహాచలం వైపు ఉంటే విమానాశ్రయం అంకె చూడండి.
- భీమిలి ఒడ్డుకు వాల్తేరు అంకే దగ్గరగా ఉంటుంది.

ఫోన్‌లో వచ్చే యాప్‌లు చాలావరకు థర్మామీటర్ అంకెను చూపించవు, కంప్యూటర్ లెక్కగట్టిన అంచనాను చూపిస్తాయి. తీరం దగ్గర ఆ లెక్కలో సగం సముద్రం, సగం నేల కలిసిపోయి పగటి ఎండ తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. ఎలా సరిచూడాలి? వెళ్లే ముందు మూడు రోజుల పాటు యాప్ చెప్పిన గరిష్ఠాన్నీ, మర్నాడు ఐఎండీ ఇచ్చిన గరిష్ఠాన్నీ పక్కపక్కన రాయండి. రోజూ ఒకేవైపు రెండు డిగ్రీలు తేడా వస్తుంటే, ఆ రెండు డిగ్రీలు మీరే కలుపుకోండి. తేడా ఒకరోజు అటు, ఒకరోజు ఇటు వస్తుంటే ఆ యాప్‌ను పక్కన పెట్టేయండి.

ఇంకో సంగతి. వాతావరణ కేంద్రంలో థర్మామీటర్ గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడలో ఉంటుంది. మీరు ఎండలో నిలబడితే మీ ఒంటికి తగిలే వేడి ఆ అంకె కన్నా ఎంతో ఎక్కువ. కారు డ్యాష్‌బోర్డు మీద కనిపించేదీ, బాల్కనీ గోడకు తగిలించిన థర్మామీటర్ చూపేదీ ఈ లెక్కకు పనికిరావు. ఒకటి తారురోడ్డు వేడిని పట్టుకుంటుంది, ఇంకొకటి గోడ వేడిని పట్టుకుంటుంది.

4. తేమ శాతం పక్కన పెట్టి డ్యూ పాయింట్ చూడండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

తేమ శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. జనవరి తెల్లవారుజామున 19 డిగ్రీలుండి తేమ 85 శాతం అని చూపిస్తుంది. మే సాయంత్రం 33 డిగ్రీలుండి తేమ 70 శాతం అని ఉంటుంది. శాతం చూస్తే జనవరే ఎక్కువ ఉక్కగా ఉండాలి, కానీ అప్పుడు మీరు శాలువా కప్పుకుని నడుస్తుంటారు. చల్లటి గాలి తక్కువ ఆవిరితోనే నిండిపోతుంది, వేడి గాలి ఎంతో ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. శాతం చెప్పేది ఎంత నిండిందనే, ఎంత ఆవిరి ఉందని కాదు. ఉన్న ఆవిరి ఎంతో చెప్పేది డ్యూ పాయింట్. పై జనవరి ఉదయానికి అది సుమారు 16, మే సాయంత్రానికి సుమారు 27.

దాన్ని ఇలా చదవండి:

- 20 లోపు: హాయి. చెమట పట్టినా ఆరిపోతుంది.
- 20–23: నడిస్తే చెమట, నీడలో కూర్చుంటే సర్దుకుంటుంది.
- 24–25: ఉక్క. ఫ్యాన్ లేకుండా కూర్చోలేరు.
- 26, ఆపైన: చెమట తేలిగ్గా ఆరదు. ఒళ్లు చల్లబడటం కష్టమవుతుంది. పెద్దవాళ్లనూ పసిపిల్లలనూ ఎక్కువసేపు బయట ఉంచొద్దు.

విశాఖలో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇది ఎక్కువ రోజులు 20కి అటూ ఇటూగానో అంతకన్నా తక్కువగానో ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 24 నుంచి 27 మధ్య తిరుగుతుంది.

ఇప్పుడు హైదరాబాద్ 41, విశాఖ 35 ప్రశ్నకు రండి. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం తేమ 20 శాతం ఉంటే, నీడలో ఉన్న మనిషికి 41 డిగ్రీలు దాదాపు 41గానే తోస్తుంది. విశాఖలో 35 డిగ్రీలకు 65 శాతం తేమ తోడైతే ఒంటికి తోచేది 46–47. హైదరాబాద్ ఎండ తేలికైనదని కాదు, వడదెబ్బ అక్కడా తగులుతుంది. కానీ చల్లదనం కోసం మేలో విశాఖ బయల్దేరడం మాత్రం లెక్క తప్పడమే.

మీటర్ ఉంటే సరిచూడటం. చౌక మీటర్లు తేమను పది శాతం దాకా తప్పు చూపించొచ్చు. ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, నాలుగైదు చుక్కల నీళ్లతో ముద్దలా తడపండి. ఉప్పు కరిగిపోకూడదు, తడవాలి అంతే. దాన్నీ మీటర్‌నూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూత వేయండి, ఉప్పు మీటర్‌కు తగలనీయకండి. రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే 75 శాతం చూపించాలి. 69 చూపిస్తే మీ మీటర్ ఆరు తక్కువ చెబుతోందని రాసి అంటించుకోండి.

మీటర్ లేకపోతే. మామూలు గది థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఒకదాని కింది బుడ్డకు తడి నూలుగుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో ఫ్యాన్ గాలికి పది నిమిషాలు ఉంచండి. పొడిది 30 దగ్గర ఉన్నప్పుడు తడిది 22 చూపిస్తే తేమ సగమే, హాయి. 25 చూపిస్తే తేమ మూడింట రెండొంతులు. 28 చూపిస్తే గాలి ఆవిరితో నిండిపోయినట్టే. గుడ్డ ఆరిపోతే అంకె తప్పుతుంది, తడి చూసుకుంటూ ఉండండి.

5. రోజును గంటల్లో విడగొట్టండి

తీరంలో ఒక రోజు మొత్తానికి ఒకే ఉష్ణోగ్రత చెప్పలేం. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కుతుంది. పది, పదకొండు గంటల ప్రాంతంలో సముద్రం మీది గాలి ఊరిలోకి రావడం మొదలవుతుంది. అది వచ్చిందంటే ఎండ అక్కడితో ఆగుతుంది, కొన్నిసార్లు ఒకట్రెండు డిగ్రీలు తగ్గుతుంది కూడా. మే చివర, జూన్ మొదట్లో పడమటి పొడిగాలి బలంగా వీస్తే సముద్రపు గాలి లోపలికి రాలేదు. 38, 40 దాటేవి ఆ రోజులే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది తీరానికి కూడా వర్తించేది ఆ గాలి ఉన్నప్పుడే. కాబట్టి యాప్‌లో గాలి దిశ కూడా చూడండి. మధ్యాహ్నానికి గాలి బాణం తూర్పు నుంచో దక్షిణం నుంచో వస్తే ఉక్కపోతకు సిద్ధపడండి, పడమర నుంచి వస్తే వడగాలికి.

ఐఎండీ లెక్కలో తీరప్రాంత కేంద్రంలో గరిష్ఠం 37 దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాలి. మైదానాలకు ఇదే హద్దు 40. తీరానికి హద్దు తగ్గించారంటే ఇక్కడి 37ను తేలిగ్గా తీసుకోకూడదనే అర్థం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలి హెచ్చరికలు ఇస్తుంది, ఎండాకాలంలో వెళ్తే అవి చూడండి.

మార్చి నుంచి జూన్ దాకా రోజును ఇలా నడపండి:

- తెల్లవారుజామున 5 నుంచి 7:30: బీచ్. మే, జూన్‌లో 5:20–5:30కే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. నిద్ర లేవలేమనుకుంటే ఆ నెలల్లో బీచ్ ఆశ సగం వదులుకోవాల్సిందే.
- 8 నుంచి 10: టిఫిన్, దగ్గర్లో చూసే చోట్లు.
- 11 నుంచి 4: గది, లేదా పైకప్పు కింద ఉండే చోట్లు. ఈ వేళ ఇసుకలో చెప్పుల్లేకుండా పిల్లల్ని దించకండి. ఎండలో పొడి ఇసుక 50 డిగ్రీలు దాటుతుంది, పాదాలు బొబ్బలెక్కుతాయి.
- 4:30 తర్వాత: కైలాసగిరి, తెన్నేటి పార్కు, తొట్లకొండ. ఎత్తు మీద గాలి ఆడుతుంది కాబట్టి అదే తేమ తక్కువగా తోస్తుంది.

డిసెంబర్, జనవరిలో ఈ గోల లేదు, రోజంతా తిరగొచ్చు. కానీ సాయంత్రం 5:30 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి ఒక కునుకు తీసి భీమిలి బయల్దేరితే అక్కడికి చేరేసరికి చూడ్డానికేమీ మిగలదు. పొద్దున్నే వెళ్లండి.

సింహాచలం గురించి విడిగా చెప్పాలి. చందనోత్సవం అక్షయ తృతీయ నాడు, అంటే ఏప్రిల్ రెండో సగంలోనో మే మొదటి సగంలోనో వస్తుంది. క్యూలో గంటల తరబడి నిలబడాలి, ఉక్క తీవ్రంగా ఉంటుంది. ఆషాఢ పౌర్ణమికి చేసే గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్ల నడక. జనం సాయంత్రం మొదలుపెట్టి రాత్రంతా నడిచేది ఊరికే కాదు. ఈ రెండింటికీ వెళ్తే ఓఆర్ఎస్ పొట్లాలు, నీళ్ల సీసా, తడి తువ్వాలు జేబుగుడ్డలా వెంట ఉండాలి. ఉపవాసంతో నడిచేవాళ్లు కూడా నీళ్లు మానకండి.

హెచ్చరిక: తలనొప్పి, వాంతి, కండరాలు పట్టేయడం కనిపిస్తే నీడకు తీసుకెళ్లి, ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ తాగించండి. మాట తడబడుతున్నా, మనిషి తికమకపడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూ ఉండండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో ఏమీ పోయకండి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవద్దు, తేమ ఎక్కువున్న ఊళ్లో చెమటతో ఉండగానే వడదెబ్బ తగలొచ్చు.

6. గది ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి

సముద్రం కనిపించే గది అంటే విశాఖలో దాదాపు తూర్పు ముఖం. తెల్లారగానే ఎండ గదిలోకి వస్తుంది, మధ్యాహ్నం నుంచి నీడ. పడమటి గది దీనికి తిరగబడి, సాయంత్రమంతా వేడెక్కి రాత్రి దాకా చల్లారదు. ఎండాకాలంలో తూర్పు గదే మేలు, మందపాటి తెర ఉందా అని అడగండి. పై అంతస్తు వద్దు, పగలు కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాన్ మాత్రమేనా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఏసీ లేని గదితో నిశ్చింతగా సరిపెట్టుకోవచ్చు.

7. తుపాను నెలల్లో ఇంకో తనిఖీ

ఉష్ణోగ్రత చూస్తే అక్టోబర్ పర్వాలేదనిపిస్తుంది, నవంబర్ ఇంకా బాగుంటుంది. కానీ ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడే విశాఖలో ఎక్కువ వాన పడే నెల అక్టోబరే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబర్‌లో శ్రీకాకుళం జిల్లాను ఊడ్చేసింది. దసరా సెలవులకు వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బయల్దేరడానికి ఐదు రోజుల ముందు నుంచి రోజూ ఐఎండీ బులెటిన్ చూడండి. బలం పెరిగే వరుస ఇది: అల్పపీడనం, వాయుగుండం (గంటకు 31–50 కిలోమీటర్ల గాలి), తీవ్ర వాయుగుండం (51–62), ఆపైన తుపాను. అల్పపీడనం అన్న మాట వినగానే ప్రయాణం మానుకోనక్కర్లేదు, దానివల్ల రెండు రోజులు వానలు పడి పోవచ్చు. వాయుగుండం అయి, దారి ఉత్తరాంధ్ర వైపో దక్షిణ ఒడిశా వైపో చూపిస్తుంటే అప్పుడు టికెట్లు వాయిదా వేసుకోండి. ఆరెంజ్, రెడ్ రంగుల హెచ్చరిక ఉన్న రోజు అరకు ఘాట్ రోడ్డు ఎక్కొద్దు, కొండచరియలు విరిగిపడతాయి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలుల వానలు వేరు. అరగంటలో ఉష్ణోగ్రత పడిపోయి ప్రాణం లేచొస్తుంది, కానీ పిడుగులు పడతాయి. బీచ్‌లో ఆరుబయట నిలబడకండి, వెంటనే పక్కా భవనంలోకి వెళ్లండి.

8. అరకు, లంబసింగి కలుపుకుంటే లెక్క మారుతుంది

అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఎత్తుకు తగ్గట్టు విశాఖ కన్నా ఐదారు డిగ్రీలు తక్కువ అనుకోవచ్చు, పగటికి ఆ లెక్క దాదాపు సరిపోతుంది. చలికాలపు రాత్రులకు సరిపోదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి చల్లగాలి బరువుగా లోయలోకి దిగి కూర్చుంటుంది. విశాఖలో 19 ఉన్న రాత్రి అరకులో పది లోపుకు పడిపోవచ్చు. లంబసింగి, చింతపల్లి వైపు ఇంకా కిందికి దిగుతుంది. విశాఖ అంకె చూసి పలచటి బట్టలతో వెళ్లి, తెల్లవారుజామున వంజంగి మబ్బులు చూడ్డానికి కొండెక్కిన పిల్లలు వణికిపోయేది అందుకే. డిసెంబర్, జనవరిలో స్వెట్టర్, చెవులకు మఫ్లర్, సాక్సులు ఒక్కొక్కరికీ విడివిడిగా పెట్టుకోండి.

మేలో దీన్నే తిప్పి వాడుకోవచ్చు. తేదీలు మార్చుకోలేనివాళ్లు రెండు రాత్రులు విశాఖలో కాకుండా అరకులోనో అనంతగిరిలోనో ఉండేలా చూసుకుంటే నిద్ర దక్కుతుంది.

9. సముద్రం నీళ్ల సంగతి

ఇక్కడ నీళ్లు ఏడాదిలో ఎప్పుడూ చల్లగా ఉండవు. జనవరిలోనూ 25–26 డిగ్రీలు, మే, జూన్‌లో 29–30. కాబట్టి నీళ్ల చలి చూసి నెల ఎంచుకోనక్కర్లేదు. చూడాల్సింది అలలను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, తుపాను రోజుల్లోనూ సముద్రం ఉధృతంగా ఉంటుంది. ఆర్‌కే బీచ్‌లో మనిషిని లోపలికి లాక్కుపోయే ప్రవాహాలున్నాయి, మోకాలి లోతు దాటొద్దు. స్నానం చేయాలంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న వేళలో, వాళ్లు చూపిన చోట చేయండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల హెచ్చరికలు ఇస్తుంది, ఆ రోజు హెచ్చరిక ఉంటే ఒడ్డున కూర్చుని చూడటమే.

తరచూ జరిగే తప్పులు

ఏడాది సగటు చూసి నిర్ణయించడం. "విశాఖ సగటు 28" అన్నది నిజమే అయినా దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

నిరుటి అనుభవాన్ని నమ్ముకోవడం. నిరుడు జూన్ పదికి వానలు పడి చల్లబడిందని ఈసారీ అదే వారానికి టికెట్లు తీస్తారు. రుతుపవనాలు వారం, పది రోజులు ఆలస్యమైతే జూన్ రెండో వారం మే కన్నా ఘోరంగా ఉంటుంది. జూన్‌లో వెళ్లాలనుకుంటే నెలాఖరుకు జరుపుకోండి.

యాప్‌లో 'ఫీల్స్ లైక్' (ఒంటికి తోచే వేడి) అంకెను ఎండలో నిలబడ్డప్పటి లెక్కగా తీసుకోవడం. చాలా యాప్‌లలో అది నీడకు చెప్పిన లెక్క. నేరుగా ఎండలో ఉంటే అంతకన్నా ఎక్కువే తోస్తుంది.

పదిహేను రోజుల ముందు చూపే అంచనాను నమ్మి గది బుక్ చేయడం. అంత ముందుగా చూపే రోజువారీ అంకెల మీద నమ్మకం పెట్టుకోకండి. నెల ఎంచుకోవడానికి పైన ఇచ్చిన సగటులు వాడండి, రోజు ఎంచుకోవడానికి ఐదు రోజుల అంచనా వాడండి.

తేదీలు మార్చలేకపోతే

మేలో పెళ్లి ముహూర్తం ఉండి వెళ్లక తప్పనివాళ్లు చాలామందే ఉంటారు. ఒకరోజు ముందే చేరుకోండి, మొదటి రోజు మధ్యాహ్నం బయట తిరగకండి. రాత్రికి ఏసీని 26 మీద పెట్టి ఫ్యాన్ కూడా వేసుకోండి. 18 మీద పెట్టుకుని బయటికొస్తే ఉక్క రెట్టింపుగా తోస్తుంది. పట్టుబట్టలు మండపంలోనే మార్చుకునేలా చూసుకుని, దారికి నూలు బట్టలు వేసుకోండి. దాహం వేయకముందే మజ్జిగో కొబ్బరి నీళ్లో తాగుతూ ఉండండి. బీచ్ రోడ్డులో తాటి ముంజలు దొరికే రోజులవి, పిల్లలకు ఐస్‌క్రీమ్ బదులు అవి పెట్టండి.

చేరిన రోజు రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారాక ఒకసారి డ్యూ పాయింట్ చూడండి. రెండుసార్లూ 26 దాటితే ఆ రోజు పెద్దవాళ్లు మధ్యాహ్నం గది దాటకుండా కార్యక్రమం మార్చేయండి. 24కు దిగితే రాసుకున్నట్టే సాగనివ్వండి.